వస్తే కొండ, పోతే ఎవరి వెంట్రుక?

మొన్న ఉగాది పండక్కి మా అక్క కొడుకు, కోడలు కర్నూలు వచ్చారు. ఇద్దరికీ బెంగుళూరులో ఉద్యోగాలు. ఓళిగలు వడ్డించి నెయ్యి వేస్తున్నాను. అప్పుడు బయటపెట్టాడు వాడు అసలు సంగతి.

"చిన్నమ్మా, ఉద్యోగం ఇడ్సిపెడ్తాండా. మన ఊర్లో గానుగ నూనె యాపారం పెట్టల్లనుకుంటాండా."

నెయ్యిగిన్నె నా చేతిలోనే ఉండిపోయింది. నెల తిరిగేసరికి వచ్చి పడే జీతం వదిలేసి నూనె గానుగా? అదే అడిగాను. వాడు నవ్వి, నాకు ఇంగ్లీషులో పాఠం మొదలుపెట్టాడు. 'నో రిస్క్, నో గెయిన్' అన్నాడు. 'నథింగ్ వెంచర్డ్, నథింగ్ గెయిన్డ్' అన్నాడు. ఎన్నాళ్లని గట్టున కూచుంటాం, 'టేక్ ద ప్లంజ్' అన్నాడు. చివరికి 'బెట్ ద ఫార్మ్' అని కూడా అన్నాడు. అంటే ఏమిట్రా అని అడిగితే, "అమెరికావాళ్ల మాట చిన్నమ్మా. ఉన్న పొలమంతా పందెం కాయడం" అన్నాడు.

పొలమంతా పందెం కాయడం! ఆ మాట విని నాకు నవ్వూ వచ్చింది, గుండెలో కలుక్కుమనీ అనిపించింది. మా కర్నూలు, కడప జిల్లాల్లో అది నానుడి కాదు. ఏటా తొలకరికి జరిగే పని.

వాళ్లు వెళ్లిపోయాక కూడా ఆ మాటలు నన్ను వదల్లేదు. వంట చేసుకుంటూ అవే మననం చేసుకున్నాను. ఇంగ్లీషువాడికి రిస్కు గురించి మాట్లాడటానికి ఎన్ని మాటలో! కొన్ని జూదపు బల్ల మీద నుంచి వచ్చాయి, కొన్ని గుర్రప్పందాల నుంచి, కొన్ని సముద్రం మీద నుంచి. 'డార్క్ హార్స్' అంటాడు, 'ఆడ్స్' అంటాడు, 'సింక్ ఆర్ స్విమ్' అంటాడు. ఓడలు వేసుకుని దేశాలు పట్టిపోయిన జాతి కాబట్టి ఆ మాటలు అలా ఉండటంలో వింత లేదు. కానీ వాటిలో నేనొకటి గమనించాను. ఆ మాటల్లో ఎప్పుడూ ఒక్క మనిషే ఉంటాడు. దూకేవాడూ వాడే, మునిగేవాడూ వాడే. గట్టు మీద వాడి పెళ్లాం బిడ్డలు నిలబడి ఉన్నట్టు ఏ నానుడీ చెప్పదు.

మన సామెతలు మాత్రం తక్కువ తిన్నాయా అంటే, అదీ లేదు లెండి. 'తెగించినవాడికి తెడ్డే లింగం' అంటాం. వాడి తెగింపే గాని, తెడ్డు పోయిన ఇంట్లో ఆ పూట కూర ఎలా కలిపారో మనకూ అక్కర్లేదు. 'నిండా మునిగినవాడికి చలేమిటి' అంటాం. వాడికి చలి లేకపోవచ్చు. ఇంట్లో వాళ్ల సంగతి?

ఇవన్నీ ఒక ఎత్తు, వెంట్రుక సామెత ఒక ఎత్తు. మీకూ తెలిసిందే. కొండకు వెంట్రుక కట్టి లాగుదాం, వస్తే కొండ, పోతే వెంట్రుక. ఎంత తెలివైన లెక్క! పోయేది చిన్నదై, వచ్చేది పెద్దదైతే ప్రయత్నించడంలో తప్పేముంది? పెద్ద చదువులు చదివినవాళ్లు పుస్తకాలు రాసి చెప్పే రిస్కు సూత్రాన్ని మన ముసలమ్మలు ఒక్క తలవెంట్రుకతో చెప్పేశారు.

ఈ సామెత అచ్చంగా నడిచే చోటు మా జిల్లాలోనే ఉంది. తొలకరి వానలు పడగానే తుగ్గలి, జొన్నగిరి, మద్దికెర చుట్టుపక్కల చేలల్లో తిరునాళ్లలా జనం చేరతారు. వజ్రాల కోసం! వాన పైమట్టిని కడిగేస్తే లోపలి రాయి ఎక్కడైనా తళుక్కుమంటుందేమోనని పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా తలవంచుకుని నేల చూస్తూ నడుస్తారు. సద్దిమూట కట్టుకుని పక్క జిల్లాల నుంచి కూడా వస్తారు. చంకన బిడ్డతో వచ్చే ఆడవాళ్లూ ఉంటారు. ఏ వెయ్యిమందిలో ఒకరికో ఒక రాయి దొరుకుతుంది, ఆ కబురు పత్రికల్లో పడుతుంది, మర్నాడు ఇంకో వెయ్యిమంది వస్తారు. మనం ఆ వార్త చదివి, "వజ్రాల పిచ్చి! పని చేసుకుని బతకరాదూ" అని పెదవి విరుస్తాం.

కానీ లెక్క చూడండి. వజ్రం కోసం వచ్చిన మనిషి పోగొట్టుకునేది ఏమిటి? ఒక రోజు కూలి. బస్సు ఛార్జీ. నడుం నొప్పి. వస్తే కొండ, పోతే వెంట్రుక.

ఆ పక్క చేలోనే ఒక రైతు శనక్కాయ విత్తుతుంటాడు. అతణ్ణి చూసి మనం ఎవరమూ పిచ్చి అనం. వ్యవసాయం అంటాం, బుద్ధిమంతుడంటాం. ఇప్పుడు అతని లెక్క చూడండి. విత్తనకాయకు అప్పు. ఎరువుకు అప్పు. సేద్యానికి అప్పు. మా సీమలో ఏడాది మొత్తానికి పడే వాన అటూ ఇటుగా 700 మిల్లీమీటర్లు. అదైనా వేళకు పడితే ఏ బాధా లేదు. పదును చూసి విత్తాక నెల్లాళ్లు మొహం చాటేస్తుంది. సరిగ్గా ఊడలు దిగే వేళకు చుక్క రాలదు. కాయ పెరికి కల్లంలో వేశాక దబదబ కురుస్తుంది. ఇన్నీ దాటి పంట చేతికొస్తే అప్పు తీరి, ఇంట్లోకి నాలుగు గింజలు మిగులుతాయి. పోతే పొలమే పోతుంది. అంటే వస్తే వెంట్రుక, పోతే కొండ!

సామెత తిరగబడింది చూశారూ? ఒక రోజు కూలి పోగొట్టుకునేవాణ్ణి జూదగాడంటాం, ఊపిరంతా ఒడ్డినవాణ్ణి స్థిమితపరుడంటాం. పేరును బట్టి మనకు రిస్కు కనపడుతుంది గాని, పోయేదాన్ని బట్టి కాదు.

పాతకాలపు సీమ రైతులకు ఈ సంగతి తెలియక కాదు. 'గుడ్లన్నీ ఒకే బుట్టలో పెట్టకు' అని ఇంగ్లీషు నానుడి ఒకటుంది గదా. ఆ మాట వినకపోయినా మా జేజి కాలంలో చేనంతా ఒకే పంట వేసేవాళ్లు కారు. కొర్రతో కంది, జొన్నతో అనప, అలసంద, గట్టున ఆముదం. గొర్రుతో విత్తేటప్పుడే సాలు సాలుకూ ఆలోచన ఉండేది. వాన ముందొచ్చి పోతే కొర్ర చేతికొచ్చేది. వెనకొస్తే కంది నిలబడేది. ఏదీ రాకపోతే గొడ్లకు చొప్పయినా దక్కేది. ఎవరూ కోటీశ్వరులు కాలేదు గాని, ఒక్క వాన తప్పినందుకు ఇల్లు ఖాళీ చేసి పోవలసిన అవసరం అన్నిసార్లూ రాలేదు. తర్వాత శనక్కాయకు నగదు వస్తుందని బుట్టలన్నీ ఒకటే అయిపోయాయి. నగదు ఆశ తప్పని నేననను. బిడ్డల చదువుకు కొర్రలు తీసుకుపోయి ఫీజు కట్టలేం గదా!

ఇక బోరుబావుల సంగతి. కడప జిల్లాలో చీనీతోటలున్న వాళ్లనడగండి, చెబుతారు. చీనీచెట్టు పెట్టిన నాలుగైదేళ్లకు గాని సరిగ్గా కాపుకు రాదు. అంతకాలం బిడ్డలా పెంచిన చెట్లు ఎండిపోతుంటే చూస్తూ ఊరుకోలేరు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిచే పెద్దమనిషిని పిలుస్తారు. టెంకాయ నిట్టనిలువుగా లేచిన చోట ముగ్గు వేస్తారు. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన రిగ్గుబండి దిగుతుంది. ఒక బోరు. నీళ్లు లేవు, దుమ్ము. రెండో బోరు. ఇంత పెట్టినవాళ్లం ఇంకొక్కటి వేస్తే ఏం పోయిందని మూడోది. ఇక్కడే 'నిండా మునిగినవాడికి చలేమిటి' అనే సామెత పనిచేస్తుంది. మూడో బోరుకు డబ్బు ఎక్కడిది? ఇంట్లో ఆడమనిషి మెడలోది.

ఒక్కటి గమనించండి. రిగ్గుబండివాడికి అడుగుకింత అని లెక్క. నీళ్లు పడినా అంతే, దుమ్ము లేచినా అంతే. వాణ్ణి తప్పుపట్టడం లేదు, వాడు పని చేశాడు, కూలి తీసుకున్నాడు. కానీ ఆ గుంత దగ్గర నిలబడ్డ నలుగురిలో రిస్కు ఒక్కరిదే. మిగతా అందరికీ గ్యారంటీ ఉంది.

గ్యారంటీ అంటే జ్ఞాపకం వచ్చింది. మా కర్నూలు-కడప కాలువ, అందరూ కె.సి. కెనాల్ అంటారు, అసలు ఎలా పుట్టిందో తెలుసా? ఆర్థర్ కాటన్ దొర ప్రోత్సాహంతో 1858 ప్రాంతాల మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అని ఒక ప్రైవేటు కంపెనీ ఏర్పడింది. సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట వేసి, కడపదాకా దాదాపు 190 మైళ్లు కాలువ తవ్వారు. వాటాదార్లు దూరాన ఇంగ్లండులో కూర్చున్నవాళ్లు. పది లక్షల పౌన్ల పెట్టుబడికి నూటికి అయిదు చొప్పున వడ్డీ ఇప్పిస్తామని ప్రభుత్వం ముందే హామీ ఇచ్చింది. అనుకున్నంత నీళ్లు రైతులు తీసుకోలేదు, అనుకున్నంత రాబడీ రాలేదు. అయినా వడ్డీ మాట వడ్డీదే. ఆ సొమ్ము ఇక్కడి జనం కట్టిన పన్నుల్లోది. చివరికి 1882లో ప్రభుత్వమే కాలువను కొనుక్కుంది.

ఆ మధ్యలోనే 1876లో ధాత కరువు వచ్చింది. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ నడుమ కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగోవంతు తగ్గిపోయారు. నూటికి అయిదు వడ్డీకి గ్యారంటీ ఉంది. నూరుమందిలో పాతికమంది ప్రాణానికి లేదు. కాలువ చెడ్డదని కాదు నా మాట. ఈనాటికీ దాని కింద వరి పండుతోంది, మేమూ ఆ అన్నం తింటున్నాం. వెంచర్ అన్న మాట వాడినవాళ్లకు పోయేదేమీ లేదు, పోయేది ఉన్నవాళ్లను ఎవరూ ఆ మాట అడగలేదు. అదీ సంగతి.

అయితే రిస్కే వద్దంటావా తల్లీ అని మీరడగవచ్చు. అలా అంటే నాకన్నా అబద్ధాలకోరు ఉండదు. ఏమీ ఒడ్డకుండా ఇంట్లో తలుపేసుకుని కూర్చుంటే భద్రం అనుకుంటాం. 2009 అక్టోబరు 2న మా కర్నూలులో అలాగే కూర్చున్నాం. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చాయి. ఏ సాహసమూ చెయ్యని వాళ్ల ఇళ్లల్లోకి, ఏ జూదమూ ఆడని వాళ్ల బీరువాల్లోకి నీళ్లు వచ్చాయి. కట్టుబట్టలతో మిద్దెలెక్కాం. గట్టున కూర్చున్నవాడికి ముంపు లేదన్నది ఉత్తమాట. పైగా మన అమ్మలు పదో తరగతి అయిన ఆడపిల్లను పక్క ఊరి హాస్టల్లో వేసి చదివించారే, ఆ రోజుల్లో అంతకన్నా రిస్కేముంది? నలుగురూ నాలుగు మాటలన్నారు. ఆ తెగువ లేకపోతే ఈ నాలుగు ముక్కలు రాయడానికి నేనుండేదాన్ని కాదు.

అందుకని చెయ్యాలా వద్దా అన్నది అసలు ప్రశ్న కాదనిపిస్తుంది నాకు. ఒడ్డుతున్నది ఎవరిది అన్నదే ప్రశ్న. మన భాషలో చూడండి, 'ప్రాణాలొడ్డి' అంటాం, 'పణంగా పెట్టి' అంటాం. రెండూ జూదపు మాటలే. ఒడ్డడం అంటే పందెంలో పెట్టడం. సాహసం అన్న మాటకు ఇవాళ పతకాలిస్తున్నాం గాని, మన ధర్మశాస్త్రాల్లో సాహసం ఒక నేరం పేరు. బలవంతంగా పరుల ప్రాణం మీదికో సొమ్ము మీదికో పోవడాన్ని సాహసం అన్నారు. తన ప్రాణం ఒడ్డితే మెచ్చుకోలు, పరుల సొమ్ము ఒడ్డితే శిక్ష. మాట ఒకటే, మధ్య గీత మాత్రం అక్కడుంది.

నిండు సభలో ద్రౌపది అడిగింది అదే గదా. తనను తాను ముందు ఓడిపోయినవాడికి ఆ తరువాత నన్ను ఒడ్డే హక్కెక్కడిదని. ఆట సరిగ్గా ఆడారా, పాచికలు మంచివేనా అని అడగలేదు ఆవిడ. ఒడ్డిన వస్తువు ఎవరిదని అడిగింది. పెద్దలంతా ఉన్నారు, చాలామంది తిన్నగా జవాబు చెప్పలేదు. ఇప్పటికీ మన ఇళ్లల్లో ఆ ప్రశ్న వేస్తే ఇడ్లీలు చల్లారిపోతున్నాయనో, పిల్లలకు బడి వేళయిందనో మాట తప్పిస్తారు.

ఇవన్నీ మనసులో తిరుగుతుండగానే వారం తర్వాత మావాడు మళ్లీ వచ్చాడు. ఈసారి కాగితాలతో. కడపలో మా అక్క ఉంటున్న ఇల్లు తనఖా పెట్టాలి. నేను జామీను సంతకం పెట్టాలి. కోడలి నగలు ఎలాగూ ఉన్నాయి.

"సరే నాయనా, గానుగ నీది. ఆడితే లాభమూ నీదే. పోతే ఎవరెవరిది పోతుందో చెప్పు" అన్నాను.

వాడు వేళ్లు మడిచాడు. "అమ్మ ఇల్లు. దీని నగలు. నీ సంతకం."

"మరి నీది?"

వాడు కాసేపు మాట్లాడలేదు. "నా ఉద్యోగం పోతాది గదా చిన్నమ్మా" అన్నాడు చివరికి. నిజమే. కానీ ఉద్యోగం వెంట్రుకలాంటిది, మళ్లీ మొలుస్తుంది. అరవై ఎనిమిదేళ్ల మా అక్కకు ఇంకో ఇల్లు మొలవదు.

నేను కోడలివైపు తిరిగి, "నిన్ను అడిగినాడామ్మా?" అన్నాను.

ఆ పిల్ల తల వంచుకుని కాదు, తిన్నగానే చెప్పింది. "చెప్పినాడత్తా. అడగలేదు. అడిగింటే సగం ఇచ్చేదాన్నేమో. నేను ఉద్యోగం మానను, ఇంటి ఖర్చు నా జీతంలో నడుస్తాది. ఒక్క గానుగతో మొదలుపెట్టి ఒక సంవత్సరం చూడమన్నా. అది చిన్న ఆలోచన, ఇట్లయితే ఎప్పుడూ పైకి రామన్నాడు."

చెప్పడం వేరు, అడగడం వేరు. ఇన్ని ఇంగ్లీషు నానుళ్లు వచ్చిన మావాడికి ఈ రెండు తెలుగు మాటల తేడా తట్టలేదు.

"అమ్మను అడిగినా. వెంటనే సరేనన్నాది" అన్నాడు వాడు, గెలిచినట్టు.

అప్పటికప్పుడు కడపకు ఫోను చేశాను. మా అక్క గొంతులో తడబాటే లేదు. "వానికి గాకుండా ఈ ఇల్లు ఇంకెవరికే? పోతే పోతాది" అంది. ఆ మాట విని నాకు నిజంగా దిక్కు తోచలేదు. ద్రౌపదిని ఎవరూ అడగలేదు కాబట్టి అన్యాయమని చెప్పగలిగాం. అడిగితే కాదనలేని మనిషిని అడిగి, సరేననిపించుకుంటే అది న్యాయమవుతుందా? అమ్మ దగ్గర తెచ్చుకునే సమ్మతి నూటికి నూరుపాళ్లు గ్యారంటీ ఉన్న సమ్మతి. అడగడమంటే ఎదుటి మనిషికి కాదనే వీలు కూడా ఇచ్చి అడగడం. అమ్మకు ఆ వీలు మనం ఇచ్చినా ఆమె తీసుకోదు. అందుకే కాబోలు, కాదనలేనివాళ్ల తరఫున ఆ కాదు అనే మాట మనమే అనుకోవాలి. తల్లి ఇచ్చేస్తానంటే వద్దని చెప్పే బాధ్యత బిడ్డదే.

వాడితో ఆ మాటే అన్నాను. సంతకం పెట్టలేదు. నా పేర ఉన్న డిపాజిట్లో కొంత తీసి ఇస్తానన్నాను. తిరిగి ఇస్తే మంచిదే, ఇవ్వకపోతే అడగను. అది నా వెంట్రుక, పోతే నాదే పోతుంది. అక్క ఇంటి కాగితాలు మాత్రం బీరువాలోంచి కదలకూడదన్నాను. వాడికి కోపం వచ్చింది. మీ తరానికి ధైర్యం లేదన్నాడు. కావచ్చు.

వెళ్లేటప్పుడు గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "ఒక్క గానుగకయితే ఎంతవుతాదో లెక్కెయ్యి" అని భార్యతో అంటుంటే విన్నాను. ఆ పిల్ల చేతిసంచిలోంచి చిన్న పుస్తకం తీసి ఇచ్చింది. లెక్క ఎప్పుడో వేసి పెట్టుకునే ఉంది.